కొమ్మల పాలిమర్‌తో కణంలోకి మందు: తిరుపతి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మే, మొదటి వారం

తిరుపతిలోని మా రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఈ వేసవి నుంచి డెండ్రిమర్ల మీద పని మొదలుపెట్టాం. నీటిలో కరగని మందును కొమ్మలుగా విస్తరించిన పాలిమర్ అణువులో ఉంచి, కణానికి హాని జరగకుండా, కణం లోపలికి చేర్చగలమా అన్నది మా ప్రశ్న. రాయలసీమ జిల్లాల నుంచి కీమోథెరపీ కోసం తిరుపతికి వచ్చే రోగులను ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళందరం చూస్తూనే ఉంటాం. జుట్టు రాలడం, నోటిపూత, రక్తకణాలు తగ్గిపోవడం వంటి బాధలు, మందు జబ్బుపడిన కణాన్నీ ఆరోగ్యంగా ఉన్న కణాన్నీ ఒకే తీరుగా తాకడం వల్ల వచ్చేవి. మందును మార్చకుండా దాన్ని మోసుకెళ్ళే వాహకాన్ని మార్చి ఆ బాధలను తగ్గించవచ్చన్న ఆశతో ఈ రంగంలో ఎంతోమంది పనిచేస్తున్నారు. నేనూ ఆ ఆశతోనే ఈ పనిలోకి వచ్చాను.

మామూలు పాలిమర్‌లో గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి దాని అణుభారాన్ని సగటుగానే చెప్పగలం. డెండ్రిమర్ సంగతి వేరు. నడుమ ఒక కేంద్రకం ఉంటుంది. దాని నుంచి కొమ్మలు, ప్రతి కొమ్మ చివర మళ్ళీ రెండేసి కొమ్మలు వచ్చేలా పొర మీద పొరగా కట్టుకుంటూ పోతాం. ఒక్కో పొరను ఒక తరం అంటాం. 1978లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రిట్జ్ ఫోగ్ట్‌లే బృందం ఈ తరహా చిన్న అణువులను మొదటిసారి తయారుచేసింది. 1985లో అమెరికాలోని డౌ కెమికల్‌లో పనిచేస్తున్న డొనాల్డ్ టొమాలియా పాలీఅమిడోఅమైన్ డెండ్రిమర్లను ప్రకటించారు. వీటినే క్లుప్తంగా పామామ్ అంటున్నాం. 1990లో క్రెయిగ్ హాకర్, జాన్ ఫ్రెషే బయటి కొమ్మల నుంచి లోపలి కేంద్రకం వైపు కట్టుకొచ్చే మరో పద్ధతిని చూపారు. అది శుద్ధి చేయడానికి మెరుగైనదే అయినా, చవకగా దొరికే రెండే రెండు రసాయనాలతో సాగే టొమాలియా మార్గమే మా ప్రయోగశాల స్తోమతకు సరిపోతుందని మాకు దారి చూపే మేడమ్ నిర్ణయించారు.

ఈ అణువుల లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. సున్నా తరానికి 4 అమైన్ చివరలు (నైట్రోజన్ ఉన్న క్షార సమూహాలు), 517 డాల్టన్ల (డాల్టన్ అణుభారానికి కొలత) అణుభారం ఉంటాయి. ప్రతి తరానికీ చివరలు రెట్టింపవుతూ నాలుగో తరానికి 64 అవుతాయి. అప్పటికి అణుభారం 14,215 డాల్టన్లు, వ్యాసం సుమారు 4.5 నానోమీటర్లు. పదో తరానికి లెక్క ప్రకారం 4,096 చివరలు ఉండాలి గానీ, ఆ దశకు ఉపరితలం మీద చోటు చాలక కొమ్మలు సరిగా ఎదగవు. ఆ ఇరుకు మా దాకా రాదు. మూడో తరం వరకు మేమే తయారుచేసుకొని, కణాల మీద పరీక్షలకు నాలుగో తరాన్ని కొనాలన్నది ప్రణాళిక.

మే, మూడో వారం

సున్నా తరం పని నడుస్తోంది. కాగితం మీద పద్ధతి సులభంగానే ఉంటుంది. మిథనాల్‌లో, రెండు చివరలా అమైన్ ఉన్న ఇథిలీన్‌డైఅమైన్‌ను కరిగించి, మంచులో ఉంచి, మిథైల్ ఎక్రిలేట్‌ను చుక్కచుక్కగా వదలాలి. ఒక్కో అమైన్ మీద ఉన్న రెండు హైడ్రోజన్ల స్థానంలో రెండు ఎక్రిలేట్ చేతులు చేరతాయి కాబట్టి ఒక ఇథిలీన్‌డైఅమైన్‌కు నాలుగు ఎస్టర్ చేతులు (ఎక్రిలేట్ చేతి చివర ఉండేది ఎస్టర్ సమూహం) వస్తాయి. సున్నా తరానికి ముందు వచ్చే ఈ అర తరం అణుభారం 404. తర్వాత ఆ నాలుగు ఎస్టర్లతోనూ ఇథిలీన్‌డైఅమైన్ చర్య జరిపితే మిథనాల్ విడిపోయి, నాలుగు అమైడ్ బంధాలతో పాటు నాలుగు కొత్త అమైన్ చివరలు ఏర్పడతాయి. ఈ రెండు మెట్లనే మళ్ళీ మళ్ళీ ఎక్కుతూ పోవడమే మిగతా పని అంతా.

కష్టమంతా ద్రావణిని తొలగించే దగ్గర వస్తోంది. వేడి ఎక్కువైతే ఎక్రిలేట్ చేతులు వచ్చిన దారినే వెనక్కి ఊడిపోతాయి. అందువల్ల రోటావాప్ (ద్రావణిని వాక్యూమ్‌లో ఆవిరి చేసే యంత్రం) నీటితొట్టిని 40 డిగ్రీలు దాటనివ్వడం లేదు. తిరుపతి మే నెలలో పైకప్పు మీది ట్యాంకు నీరే మధ్యాహ్నానికి ఇంచుమించు ఆ వేడికి చేరుతుంది. ఆ నీటిని కండెన్సర్‌లోకి పంపితే మిథనాల్ ఆవిరి చల్లబడకుండా నేరుగా వాక్యూమ్ పంపులోకి పోతుంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఐస్ గడ్డలు వేసి, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న మోటారుతో ఆ నీటినే కండెన్సర్‌లో తిప్పుతున్నాం. పగలు ఎక్రిలేట్ చర్యలు పెట్టుకొని, ఆవిరి చేసే పనిని పొద్దున్నే ఎండ ముదరకముందు పూర్తిచేయడం అందరికీ అలవాటైంది.

జూలై

మొదటి తరానికి వచ్చాం. ఈ నెలంతా ఇథిలీన్‌డైఅమైన్‌ను వదిలించుకోవడంతోనే గడిచింది. ఈ పని చేయబోయే వారికి ఉపయోగపడుతుందని దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమైడ్ మెట్టులో ఇథిలీన్‌డైఅమైన్‌ను అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ వేయాలి. తక్కువ వేస్తే ఒకే ఇథిలీన్‌డైఅమైన్ తన రెండు చివరలతోనూ రెండు ఎస్టర్లను పట్టుకుంటుంది. ఆ రెండు ఎస్టర్లు ఒకే అణువులోవైతే అక్కడ ఒక ఉంగరం ఏర్పడి రెండు కొమ్మల ఎదుగుదల ఆగిపోతుంది. వేర్వేరు అణువులవైతే రెండు డెండ్రిమర్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాగని ఎక్కువ వేసి దాన్ని పూర్తిగా తీసేయకపోయినా ప్రమాదమే. మిగిలిపోయిన ఇథిలీన్‌డైఅమైన్ తర్వాతి మెట్టులో తానే కొత్త కేంద్రకమై, అసలు అణువుల పక్కన చిన్న తరం అణువులను పెంచుతుంది. అవి అప్పటికప్పుడు కంటికి కనిపించవు. రెండు తరాల తర్వాత కణాల మీద పరీక్ష చేసేటప్పుడు ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగక బయటపడతాయి.

ఇథిలీన్‌డైఅమైన్ 117 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి మనం అనుమతించే వేడిలో అది తనంతట తాను పోదు. టోలుయీన్ తొమ్మిది వంతులు, మిథనాల్ ఒక వంతు కలిపి ఫ్లాస్కులో పోసి వాక్యూమ్‌లో ఆవిరి చేస్తే ఆ మిశ్రమం ఇథిలీన్‌డైఅమైన్‌ను తనతో లాక్కుపోతుంది. ఇలా ఎంతసేపు చేయాలో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం కుదిరింది. కండెన్సర్ నుంచి దిగిన ద్రవం చుక్కను వడపోత కాగితం మీద వేసి, అమైన్ ఉంటే ఊదా రంగు ఇచ్చే నిన్‌హైడ్రిన్ చల్లి, హాట్‌ప్లేట్ మీద వెచ్చచేస్తున్నాం. మొదట దిగిన చుక్కలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. తర్వాతవి లేత వంగపండు రంగుకు దిగి, చివరివి ఏ రంగూ రాకుండా కాగితం తెల్లగానే ఉండిపోయింది. చుక్క తెల్లగా ఆరే వరకు తర్వాతి మెట్టుకు వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాం. ఫ్లాస్కులో చివరికి మిగిలేది తేనె రంగులో ఉండే చిక్కటి జిగురు ద్రవం. గరిటెతో తీస్తే తీగలు సాగుతుంది.

సెప్టెంబరు

రెండో తరం పూర్తయింది. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతి శోషణతో బంధాలను గుర్తించే పరీక్ష) 1735 తరంగసంఖ్య దగ్గరి ఎస్టర్ శిఖరం అర తరంలో కనిపించి, పూర్తి తరంలో మాయమై, దాని బదులు 1640, 1550 దగ్గర అమైడ్ శిఖరాలు వస్తున్నాయి. తరం పెరిగేకొద్దీ చివరి ఎస్టర్లు చర్య జరపడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నాయి. ఓపిక పట్టడం తప్ప ఇందులో చేయగలిగిందేమీ లేదు.

నవంబరు

ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి. శేషాచలం కొండలు రోజుల తరబడి మబ్బులోనే ఉంటున్నాయి. ఇథిలీన్‌డైఅమైన్ సీసా మూత తీయగానే పొగలు లేస్తున్నాయి, మూతి చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటోంది. గాలిలోని తేమనూ బొగ్గుపులుసు వాయువునూ ఇది ఆత్రంగా పీల్చుకుంటుంది. ఆ తెల్లటి పొడి, వాయువుతో కలిసి ఏర్పడిన కార్బమేటు. నీరు చేరితే క్షారంగా ఉన్న ఈ ద్రావణంలో ఎస్టర్ చివరలు జలవిశ్లేషణ చెంది ఆమ్లాలుగా మారతాయి, ఆ కొమ్మలు ఇక ఎదగవు. ఎండబెట్టిన మిథనాల్, నైట్రోజన్ బెలూన్, సీసా మూతికి పారాఫిల్మ్ లేకుండా ఈ నెలలో ఏ చర్యనూ మొదలుపెట్టడం లేదు.

రెండో తరానికి ఎక్రిలేట్ చేతులు చేర్చిన రెండున్నర తరం తయారైంది. దీనికి 32 ఎస్టర్ చివరలు, 6,011 డాల్టన్ల అణుభారం ఉంటాయి. కొంత భాగాన్ని మిథనాల్‌లో కరిగించి ఫ్రిజ్‌లో దాచి, మిగతాది మూడో తరానికి వాడుతున్నాం. కొన్న నాలుగో తరం కూడా మిథనాల్ ద్రావణంగా వచ్చింది. చిన్న సీసాయే అయినా, దాని ధరతో మా ప్రయోగశాలకు కొన్ని నెలల గాజుసామాను వచ్చేది. అందువల్ల ప్రతి మిల్లీగ్రామునూ లెక్క చూసి తీస్తున్నాం.

డిసెంబరు, మొదటి పక్షం

ఉపరితలం సంగతికి వచ్చాం. నా ఉద్దేశంలో ఈ రంగం మొత్తానికీ ఇదే కీలకం.

శరీరపు పీహెచ్ 7.4 దగ్గర నాలుగో తరం మీది 64 అమైన్లలో చాలావరకు ప్రోటాన్‌ను పట్టుకొని ధనావేశంతో ఉంటాయి. కణపొర బయటివైపు రుణావేశం ఉంటుంది. కాబట్టి ఈ అణువు కణానికి తనంతట తానే అతుక్కుంటుంది, కణం దాన్ని లోపలికి మింగుతుంది. 1993లో హేన్స్‌లర్, షోకా పామామ్‌తో జన్యువులను కణాల్లోకి పంపగలిగింది ఈ గుణం వల్లనే. అయితే అదే ధనావేశం కణపొరను దెబ్బతీస్తుంది కూడా. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, ఏడో తరం పామామ్ లిపిడ్ పొరలో 15 నుంచి 40 నానోమీటర్ల రంధ్రాలు చేసింది. ఐదో తరం కొత్త రంధ్రాలు చేయలేదు గానీ ఉన్న లోపాలను పెద్దవి చేసింది. అమైన్లకు ఎసిటైల్ (అమైన్‌ను కప్పి ఆవేశం రాకుండా చేసే చిన్న సమూహం) తొడిగిన ఐదో తరం ఆ పని కూడా చేయలేదు. కణంలోకి దారి చూపేదీ కణానికి హాని చేసేదీ ఒకటే గుణం కావడం వల్ల, ఎన్ని అమైన్లను కప్పాలి, ఎన్నింటిని వదలాలి అన్న లెక్క మీదనే వాహకం మంచిచెడ్డలు ఆధారపడతాయి.

ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో మూడు నమూనాలు తయారుచేస్తున్నాం: ఏమీ కప్పనిది, సగం కప్పినది, పూర్తిగా కప్పినది. ఎంత కప్పామో ఎన్‌ఎంఆర్ (అణువులోని ప్రోటాన్లను శిఖరాలుగా చూపే పరీక్ష) చెబుతుంది. నాలుగో తరంలో కొమ్మలు మొత్తం 4, 8, 16, 32, 64 కలిపి 124. ప్రతి కొమ్మలోనూ కార్బొనిల్ పక్కన ఒక సీహెచ్2 ఉంటుంది కాబట్టి స్పెక్ట్రమ్‌లో 2.4 పీపీఎం స్థానం దగ్గర మొత్తం 248 ప్రోటాన్లు కనిపించాలి. ఎసిటైల్ మిథైల్ ప్రోటాన్లు 1.9 పీపీఎం ప్రాంతంలో వస్తాయి. 64 చివరలూ కప్పితే అవి 192, సగం కప్పితే 96. అంటే సగం కప్పిన నమూనాలో రెండో శిఖరం వైశాల్యం మొదటిదానిలో సుమారు 0.39 వంతు ఉండాలి. మాకు వచ్చినది దానికి దగ్గరగానే ఉంది. ఇది సగటు మాత్రమేనని మర్చిపోకూడదు. కొన్ని అణువుల మీద ఎక్కువ, కొన్నింటి మీద తక్కువ ఎసిటైల్ ఉండి తీరతాయి. ఇంత కచ్చితంగా కట్టిన అణువు మీద కూడా ఉపరితలాన్ని మార్చేసరికి మళ్ళీ సగటుల లోకంలోకే వస్తాం.

డిసెంబరు, రెండో పక్షం

మందుగా కర్క్యుమిన్‌ను ఎంచుకున్నాం. పసుపులోని ఈ పదార్థం నీటిలో దాదాపు కరగదు, చవక, దాని రంగుతోనే కొలవవచ్చు, అతినీల కాంతి కింద మెరుస్తుంది. కర్క్యుమిన్‌నూ డెండ్రిమర్‌నూ మిథనాల్‌లో కలిపి, మిథనాల్‌ను ఆవిరి చేసి, నీళ్ళు పోసి, కరగకుండా మిగిలినదాన్ని సెంట్రిఫ్యూజ్‌తో వేరుచేయడం పద్ధతి.

ఎసిటైల్ కప్పని నాలుగో తరంతో కలపగానే పసుపు ద్రావణం ఎర్రబడింది. మా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న ఎమ్మెస్సీ అమ్మాయి చూసి, “అక్కా, ఇది పారాణి కదా!” అంది. సరిగ్గా అదే. పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదే ఇక్కడా జరిగింది. అమైన్ల క్షారగుణానికి కర్క్యుమిన్ తన ఫినాల్ ప్రోటాన్‌ను వదిలేసి రంగు మారుతుంది. 425 నానోమీటర్ల దగ్గరి శోషణ శిఖరం ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరిగిపోయింది. నీటిలో కరిగినంత మాత్రాన డెండ్రిమర్ లోపలికి చేరిందని అనుకోకూడదు, ఎందుకంటే క్షారంలో కర్క్యుమిన్ ఎలాగూ కరుగుతుంది. పైగా అది అక్కడ నిలవదు. సీరం లేని ఫాస్ఫేట్ బఫర్‌లో పీహెచ్ 7.2 దగ్గర, 37 డిగ్రీల వద్ద, అరగంటలోనే సుమారు 90 శాతం కర్క్యుమిన్ విచ్ఛిన్నమవుతుందని 1997లోనే కొలిచి చూపారు. ఇంకా క్షారగుణం ఉన్న ద్రావణంలో దాని గతి చెప్పనక్కర్లేదు.

ఈ రంగంలో వచ్చే పత్రాలను చదివేటప్పుడు డెండ్రిమర్ కరిగించిన కర్క్యుమిన్ మొత్తం పట్టికలో కనిపిస్తే, ఆ ద్రావణం పీహెచ్ ఎంత ఉందో ముందు వెతకమని ఆ అమ్మాయికి చెప్పాను. మేం అమైన్లను ముందుగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తటస్థం చేసి, ఫ్రీజ్ డ్రై చేసి, ఆ తర్వాతే కర్క్యుమిన్ కలుపుతున్నాం. ఇప్పుడు ద్రావణం పసుపుగానే ఉంటోంది. కరిగేది మొదటికన్నా తక్కువే, అయినా దీన్ని నమ్మవచ్చు.

జనవరి

రెండు పనులు సమాంతరంగా సాగాయి. మొదటిది, మందు ఎంత వేగంగా బయటికి వస్తోందో చూడడం. 3.5 కిలోడాల్టన్ల డయాలిసిస్ సంచిలో నమూనా పోసి, బయట బఫర్ ఉంచాం. 368 డాల్టన్ల కర్క్యుమిన్ సంచి దాటుతుంది, డెండ్రిమర్ దాటదు. బయటి బఫర్‌లో సబ్బులాంటి ట్వీన్ 80 కలపకపోతే, బయటికి వచ్చిన కర్క్యుమిన్ నీటిలో కరగక సంచి గోడకే అంటుకుంటుంది, ఏమీ విడుదల కాలేదన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. పీహెచ్ 5.5 దగ్గర విడుదల వేగంగా ఉంది. అది అనుకున్నదే. కొమ్మలు చీలే చోట ఉండే లోపలి 62 తృతీయ అమైన్లు ఆమ్లంలో ప్రోటాన్లను పట్టుకొని, లోపలి గదులు నీటిని ఇష్టపడేవిగా మారి, నీరంటే గిట్టని మందును బయటికి నెడతాయి. నన్ను ఆలోచనలో పడేసినది 7.4 దగ్గరి ఫలితం. అక్కడ కూడా మొదటి గంటలోనే చెప్పుకోదగినంత కర్క్యుమిన్ బయటికి వచ్చేసింది. రక్తంలాంటి ఉప్పుద్రావణంలోనే కారిపోతే కణం దాకా చేరేది ఎంత?

రెండోది, రక్తకణాల పరీక్ష. మటన్ అంగడిలో తెల్లవారుజామున మేకను కోసేటప్పుడు సోడియం సిట్రేట్ ఉన్న గొట్టాల్లో రక్తం పట్టుకొని, ఐస్ పెట్టెలో తెచ్చాం. అంగడాయన అడగకుండానే తలుపు దగ్గర గొట్టాలు పట్టుకోవడానికి చోటు చూపించాడు. ఎర్రకణాలను ఉప్పుబఫర్‌తో కడిగి, నమూనాలతో కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి సెంట్రిఫ్యూజ్ చేస్తే ఫలితం గొట్టంలోనే కనిపిస్తుంది. కణాలు చెక్కుచెదరకపోతే అడుగున ఎర్రటి ముద్ద, పైన తేటనీరు ఉంటాయి. పగిలితే పైనీరు ఎర్రబడుతుంది. ఆ ఎరుపును 540 నానోమీటర్ల దగ్గర కొలిచి, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో కణాలను పూర్తిగా పగలగొట్టిన గొట్టంతో పోల్చాం. ఏమీ కప్పని నాలుగో తరం మోతాదు పెరిగేకొద్దీ పైనీరు గులాబీ నుంచి ముదురు ఎరుపుకు మారింది, పైగా అడుగున కణాలు గడ్డలుగా అతుక్కున్నాయి. పూర్తిగా కప్పిన నమూనా ఎక్కువ మోతాదులోనూ తేటగా ఉంది. సగం కప్పినది పూర్తిగా కప్పినదానికే దగ్గరగా ఉండడం నాకు ఎంతో ఊరట కలిగించింది.

ఫిబ్రవరి

ప్రయోగశాలల్లో పెంచే హీలా క్యాన్సర్ కణాల మీద ఎంటీటీ పరీక్షలు చేశాం. బతికి ఉన్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తాయి, వాటిని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. కర్క్యుమిన్ లాంటి పాలీఫినాల్‌లతో ఇక్కడ జాగ్రత్త అవసరం. వాటిలో కొన్ని కణాలు లేకపోయినా ఎంటీటీని మార్చగలవు. అందువల్ల కణాలు లేని గుంటల్లో కూడా మందు వేసి, ఆ విలువను తీసేస్తున్నాం.

ఖాళీ వాహకాల విషయంలో ఫలితం రక్తకణాల పరీక్షతో ఏకీభవించింది. 2007లో కాకో-2 అనే పేగు కణాల మీద చేసిన పరిశోధనలో, పామామ్ అమైన్లలో కొన్నింటికి ఎసిటైల్ తొడిగితే విషగుణం పది రెట్లకు పైగా తగ్గి, కణపొరను దాటే శక్తి మాత్రం నిలిచి ఉందని తేలింది. మా సగం కప్పిన నమూనా ఆ దారిలోనే ఉంది. కర్క్యుమిన్ నింపిన నమూనా కూడా కణాలను బాగానే చంపింది. అయితే డీఎంఎస్‌ఓలో కరిగించి నేరుగా వేసిన కర్క్యుమిన్ కూడా దాదాపు అంతే చంపింది. నీరంటే గిట్టని చిన్న అణువు కణపొరలో తనంతట తానే కరిగి లోపలికి పోగలదు. వాహకం లేకుండానే జరిగే పనిని వాహకం ఖాతాలో వేయలేం.

మార్చి, మొదటి పక్షం

ఏది ఎక్కడికి పోతోందో విడివిడిగా చూడాలి కాబట్టి వాహకానికి రంగు వేశాం. మామూలుగా వాడే ఫ్లోరసీన్ ఆకుపచ్చగా వెలుగుతుంది, కర్క్యుమిన్ వెలుగు కూడా ఆ ప్రాంతంలోదే. అందుకని ఎరుపు వైపు వెలిగే రోడమిన్‌ను కొద్ది అమైన్లకు తగిలించాం.

మైక్రోస్కోపు కింద రెండు రంగులూ రెండు వేర్వేరు కథలు చెప్పాయి. ఎరుపు, కణ కేంద్రకం చుట్టూ చిన్నచిన్న చుక్కలుగా ఉంది, అంటే వాహకం ఎండోసోమ్ సంచుల్లో (కణం మింగినదాన్ని ఉంచే సంచులు) ఉంది. కర్క్యుమిన్ ఆకుపచ్చ వెలుగు కణమంతా పొరల వెంట పలుచగా పరుచుకుంది. రెండూ కలిసిన చోట్లు కొద్దిగానే ఉన్నాయి. కణాలను 4 డిగ్రీల దగ్గర ఉంచి మళ్ళీ చేశాం. ఆ చలిలో కణం దేన్నీ మింగలేదు. అప్పుడు లోపలి ఎర్ర చుక్కలు లేకుండా పోయాయి, పచ్చదనం మాత్రం తగ్గినా నిలిచే ఉంది. వాహకం తన దారిన మింగబడుతోంది, మందు తన దారిన కరిగి లోపలికి పోతోంది. అవి విడిపోయింది కణం బయటే, బహుశా పెంపక ద్రవంలో. అందులోని సీరం ఆల్బుమిన్ కర్క్యుమిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. జనవరిలో 7.4 దగ్గర చూసిన విడుదలకు, ఇక్కడ కనిపించినదానికి పొంతన కుదిరింది.

మా సమావేశంలో ప్రోటాన్ స్పంజి సంగతి కూడా చర్చకు వచ్చింది. ఎండోసోమ్‌లోని ఆమ్లాన్ని తృతీయ అమైన్లు పీల్చుకోవడం వల్ల లోపలికి నీరు, క్లోరైడు చేరి సంచి పగిలిపోతుందన్న ఈ ఊహ, 1995లో జాన్-పాల్ బేర్ బృందం పాలీఇథిలీనిమైన్ అనే మరో అమైన్ పాలిమర్ మీద ప్రచురించిన పని నుంచి బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అదే పాలిమర్ లైసోసోమ్ (ఎండోసోమ్ తర్వాతి ఆమ్ల సంచి) పీహెచ్‌ను మార్చడం లేదని 2013లో కొలిచి చూపినవాళ్ళూ ఉన్నారు. మా ఎర్ర చుక్కలు చాలా గంటల తర్వాత కూడా చుక్కలుగానే ఉన్నాయి కాబట్టి, మా వాహకం సంచి దాటి బయటపడుతోందని మేం రాయబోవడం లేదు.

మార్చి, రెండో పక్షం

మేడమ్‌తో కూర్చొని దారి మార్చాం. మందును గదిలో ఉంచినట్టు ఉంచితే చాలదు, కొమ్మకు బంధంతో కట్టాలి. ఆ బంధం రక్తంలో నిలిచి, ఎండోసోమ్ ఆమ్లంలో తెగాలి. మిషిగన్‌లో జేమ్స్ బేకర్ బృందం 2005లో ఇదే పోలిక చేసి చూపింది. డెండ్రిమర్ లోపల ఊరికే ఉంచిన మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు, ఉప్పు ఉన్న ద్రావణంలో వెంటనే బయటికి వచ్చింది, బంధంతో కట్టినది నిలిచింది. కర్క్యుమిన్ మాకు చాలా నేర్పింది గానీ, ఈ పనికి అది తగినది కాదు.

ఇకపై మందు, కీమోథెరపీలో వాడే డాక్సోరుబిసిన్; బంధం హైడ్రజోన్. డాక్సోరుబిసిన్‌లోని కీటోన్ సమూహం హైడ్రజైడ్‌తో కలిసి హైడ్రజోన్ అవుతుంది. ఇది పీహెచ్ 7.4 దగ్గర చాలావరకు నిలుస్తుంది, 5 దగ్గర జలవిశ్లేషణ చెంది మందును అసలు రూపంలోనే వదులుతుంది. హైడ్రజైడ్ చివరలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు జవాబు మా ఫ్రిజ్‌లోనే ఉంది. నవంబరులో పక్కన పెట్టిన రెండున్నర తరం మీద 32 ఎస్టర్లున్నాయి. హైడ్రజీన్ హైడ్రేట్‌తో చర్య జరిపితే అవి నేరుగా హైడ్రజైడ్‌లు అవుతాయి. హైడ్రజైడ్‌ల క్షారగుణం చాలా తక్కువ, పీహెచ్ 7.4 దగ్గర వాటి మీద ఆవేశం ఉండదు, కాబట్టి ఉపరితలపు విషగుణం కూడా తగ్గాలి. కణానికి అతుక్కొనే గుణం కూడా దాంతోపాటే తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి కొన్ని క్యాన్సర్ కణాలు ఎక్కువగా పట్టుకొనే ఫోలిక్ ఆమ్లం తగిలించాలా అన్నది, మొదట ఈ మెట్టు కుదిరాక ఆలోచిస్తాం.

హైడ్రజీన్ ప్రమాదకరమైన రసాయనం కాబట్టి ఫ్యూమ్ హుడ్ లోపలే, ఇద్దరు ఉన్నప్పుడే ఈ చర్య పెట్టాలని నిర్ణయించాం. ఇందులో ఒక చిక్కు ఉంది. ఎస్టర్ మీది మిథాక్సీ సమూహం భారం 31, దాని స్థానంలో వచ్చే హైడ్రజీన్ భాగం భారం కూడా 31. అందువల్ల 32 చివరలూ మారినా అణుభారం 6,011 దగ్గరే ఉంటుంది, మామూలు మాస్ స్పెక్ట్రోమీటరు (అణుభారాన్ని కొలిచే యంత్రం) రెండింటినీ వేరు చేసి చెప్పలేదు. తేడాను ఎన్‌ఎంఆర్‌లోనే చూడాలి. 3.6 పీపీఎం ప్రాంతంలో కనిపించే 96 మిథాక్సీ ప్రోటాన్ల శిఖరం పూర్తిగా పోవాలి, ఐఆర్‌లో 1735 దగ్గరి గీత కూడా పోవాలి. ఎన్‌ఎంఆర్ యంత్రానికి వచ్చే వారం సమయం దొరికింది. నెలల తరబడి ఫ్రిజ్‌లో ఉన్న రెండున్నర తరం చెడకుండా ఉందో లేదో తెలియాలంటే, హైడ్రజీన్ కలపకముందే దాని స్పెక్ట్రమ్ ఒకటి తీయించాలి. రేపటి మొదటి పని అదే.